ఎముకల గుహలో పుట్టిన రాయి



ఈ పూట ఒక రాయి గురించి మాట్లాడుకుందాం. పేరు హోపైట్. బంగారం కాదు, వజ్రం కాదు. ఉంగరంలో పొదిగించుకుందామన్నా నిలవదు, చాకు మొన తగిలితే గీత పడిపోతుంది. రంగు దాదాపుగా ఉండదు. ఉంటే తెలుపు, లేదంటే లేత పసుపు. ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ చోట్ల, అక్కడ కూడా కొద్దికొద్దిగా దొరుకుతుంది. ఇంత అరుదైన రాయితో మనకేం పని అంటారా? మీ ఇంట్లో ఇనప బీరువా ఉన్నా, వాకిట్లో కారు ఉన్నా, ఎప్పుడైనా పన్నుకు క్యాపు వేయించుకున్నా, దీనితోనో దీని దగ్గరి బంధువుతోనో మీకు పరిచయం ఉండే అవకాశం ఎక్కువ. అక్కడికి వస్తాను. ముందు అసలు ఇది భూమిలో ఎలా పుడుతుందో చూద్దాం.

జింకును మన పెద్దవాళ్ళు తుత్తునాగం అనేవారు. భూమి లోతుల్లో అది ఎక్కువగా గంధకంతో కలిసి ఉంటుంది. ఆ ఖనిజాన్ని స్ఫాలరైట్ అంటారు. దాని పక్కనే చాలాచోట్ల సీసం, గంధకం కలిసిన గెలీనా కూడా ఉంటుంది. లోతులో ఉన్నంతకాలం ఈ రెండింటికీ ఏమీ కాదు. లక్షల సంవత్సరాల్లో పైనున్న నేల కోసుకుపోయి, ఖనిజం గాలికీ వాననీటికీ అందుబాటులోకి వచ్చినప్పుడు అసలు కథ మొదలవుతుంది. ప్రాణవాయువు తగిలి గంధకం సల్ఫేటుగా మారుతుంది. జింకు సల్ఫేటు నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. సీసం సల్ఫేటు మాత్రం కరగడానికి మొరాయిస్తుంది. దాంతో సీసం దాదాపుగా ఉన్నచోటే ఉండిపోతుంది, జింకు నీళ్ళతో పాటు ప్రయాణం కడుతుంది.

ఆ జింకు నీళ్ళకు దారిలో ఏది ఎదురైతే దాన్నిబట్టి కొత్త రాయి పుడుతుంది. సున్నపురాయి తగిలితే కార్బొనేటు చేరి స్మిత్‌సొనైట్. సిలికా తగిలితే హెమిమార్ఫైట్. ఆర్సెనిక్ కలిస్తే ఆడమైట్. ఈ ఆడమైట్‌లో చాలా నమూనాలు అతినీలలోహిత దీపం కింద పచ్చగా వెలుగుతాయి, సేకరించేవాళ్ళు వాటికోసం పడిచస్తారు. వనేడియం ఉంటే, సీసంతో కూడా పొత్తు కుదిరితే డెస్‌క్లాయిజైట్. ఇలా తొలి ఖనిజం శిథిలమై, దాని నుంచి పుట్టే రాళ్ళను ద్వితీయ ఖనిజాలు అంటారు. ఇక జింకు నీళ్ళకు ఫాస్ఫేటు ఎదురైతే పుట్టేదే మన హోపైట్. మూడు జింకు అయాన్లు, రెండు ఫాస్ఫేట్లు, నాలుగు నీటి అణువులు, అంతే దాని కూర్పు. పరిస్థితి కాస్త మారి ఆ నీటి స్థానంలో హైడ్రాక్సైడు చేరితే టార్బుటైట్ అనే మరో రాయి వస్తుంది. అది కూడా అరుదైనదే.

జింకు గనులు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. ఫాస్ఫేటుకూ కొరత లేదు. మరి హోపైట్ ఎందుకంత అరుదు? సీసానికీ సున్నంలోని కాల్షియానికీ కూడా ఫాస్ఫేటు కావాలి, చిక్కంతా అక్కడే. పెళ్ళి భోజనాల్లో మొదటి పంక్తికి సీసమూ కాల్షియమూ కూర్చుని వడ్డించినదంతా తినేస్తే, తర్వాతి పంక్తిలో కూర్చున్న జింకుకు విస్తరి మాత్రమే మిగులుతుంది. సీసం ఫాస్ఫేటుతో కలిస్తే పైరోమార్ఫైట్ అవుతుంది. అది నీళ్ళలో దాదాపు కరగనే కరగదు. కాల్షియం కలిస్తే ఎపటైట్ అవుతుంది. మన ఎముకలూ పళ్ళూ ఆ కుటుంబానికి చెందినవే. ఈ రెండూ తీసుకోగా జింకుకు ఫాస్ఫేటు మిగలాలంటే, జింకు విపరీతంగా ఉండాలి, ఫాస్ఫేటు కూడా ఎక్కడినుంచో కుప్పలుగా వచ్చిపడాలి. అలాంటి చోటు ఆఫ్రికాలో ఒకటి దొరికింది. దానికన్నా ముందు యూరప్‌లో ఈ రాయికి పేరు పెట్టిన ముచ్చట చెప్పాలి.

బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్ మూడూ కలిసేచోటికి దగ్గర్లో కెల్మిస్ అనే చిన్న ఊరుంది. ఫ్రెంచివాళ్ళు దాన్ని లా కాలమిన్ అంటారు. చెమటకాయలకూ ఆటలమ్మ పోసినప్పుడూ మనం పూసుకునే గులాబీరంగు కాలమైన్ లోషన్ ఉంది చూశారా, ఆ కాలమైనే ఇది. జింకు ఖనిజానికి పాత పేరు. ఆ ఊరి ఖనిజాన్ని రాగితో కలిపి శతాబ్దాల పాటు ఇత్తడి చేశారు, అందులో జింకు అనే లోహం ఒకటుందని తెలియకుండానే. ఎందుకంటే జింకును విడిగా పట్టుకోవడం కష్టం. 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది. కొలిమిలో వేస్తే పొగై చేజారిపోతుంది. ఆ ఆవిరిని కిందికి దింపి, చల్లబరచి లోహంగా పట్టే పద్ధతి మన రాజస్థాన్‌లోని జావర్‌లో యూరప్ కన్నా కొన్ని శతాబ్దాల ముందే నడిచింది. వంకాయ ఆకారపు మట్టి మూసలు అక్కడ గుట్టలుగా బయటపడ్డాయి. రసశాస్త్ర గ్రంథం రసరత్నసముచ్చయంలో కూడా ఈ వంకాయ మూస ప్రస్తావన ఉంది. ఇంగ్లండులో విలియం ఛాంపియన్‌కు జింకు తీసే పద్ధతి మీద పేటెంటు వచ్చింది 1738లో.

మళ్ళీ కెల్మిస్‌కు వద్దాం. నెపోలియన్ ఓడిపోయాక యూరప్ పటం మళ్ళీ గీసుకున్నారు. ఆ జింకు గని మాకంటే మాకని ప్రష్యా, నెదర్లాండ్స్ రెండూ పట్టుబట్టాయి. ఎటూ తేలక 1816లో ఆ గని ఉన్న ముక్కను ఎవరికీ చెందని ప్రాంతంగా వదిలేశారు. దాని పేరు తటస్థ మోరెస్నే. మూడున్నర చదరపు కిలోమీటర్ల నేల, మొదట్లో 256 మంది జనం. ఒక గని కోసం పుట్టిన ఈ చిన్న దేశం వందేళ్ళకు పైగా నిలిచింది. గనిలో సరుకు 1880ల్లోనే అయిపోయింది. అయినా దేశం మిగిలింది. 1908లో అక్కడి గని వైద్యుడు విల్హెల్మ్ మోలీ, ఎస్పెరాంటో అనే కృత్రిమ భాష మాట్లాడే దేశంగా దీన్ని మారుద్దామని నడుం కట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బెల్జియంలో కలిపేశారు. అప్పటి గని గుర్తుగా ఆ నేలలో ఇప్పటికీ ఒక పసుపుపచ్చ వయొలెట్ పువ్వు పూస్తుంది. జింకు ఎక్కువగా ఉండి మామూలు మొక్కలు బతకలేని మట్టిలో అది హాయిగా బతుకుతుంది.

ఈ గని నుంచి వచ్చిన చిన్న స్ఫటికాల్లో 1820ల తొలినాళ్ళలో డేవిడ్ బ్రూస్టర్ ఒక కొత్త ఖనిజాన్ని గుర్తించాడు. ఈయనే కెలిడోస్కోపు కనిపెట్టింది, మన పిల్లలు రంగురంగుల గాజుముక్కలు చూసే ఆ గొట్టాన్ని. వెలుగు స్ఫటికంలోంచి ఎలా వంగుతుందో చూసి రాళ్ళను పోల్చడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ఎడింబరోలో రసాయనశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ థామస్ చార్లెస్ హోప్ పేరు మీద ఆ ఖనిజానికి హోపైట్ అని పేరు పెట్టాడు. నీళ్ళు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికన్నా చిక్కగా, బరువుగా ఉంటాయని బడిలో చదువుకున్నాం కదా, దాన్ని ప్రయోగం చేసి చూపించినవాడు ఈ హోప్. ఆయన క్లాసులో కూర్చున్నవాళ్ళలో ఒక కుర్ర వైద్య విద్యార్థి ఉండేవాడు. ఎడింబరోలో విన్న పాఠాలన్నీ భరించలేనంత విసుగనీ, హోప్ రసాయన పాఠాలు మాత్రం అలా కావనీ ఆ కుర్రవాడు పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నాడు. అతని పేరు చార్లెస్ డార్విన్. మనిషి పూర్వీకులు బహుశా ఆఫ్రికాలోనే ఉండి ఉంటారని 1871లో ఊహించి రాసింది కూడా ఈయనే. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆఫ్రికాకు వెళదాం. జాంబియా రాజధాని లుసాకాకు ఉత్తరాన దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో కాబ్వే అనే పట్టణం ఉంది. 1902లో థామస్ డేవీ అనే గని నిపుణుడు అక్కడ డోలమైట్ రాతి గుట్టల్లో సీసం, జింకు ఖనిజాలు గుర్తించాడు. ఆస్ట్రేలియాలోని గని గుర్తొచ్చి బ్రోకెన్ హిల్ అని పేరు పెట్టాడు. అప్పుడది బ్రిటిష్ పాలనలోని, తర్వాత ఉత్తర రొడీషియా అయిన ప్రాంతం. గని కోసమే 1906లో రైలు పట్టాలు అక్కడిదాకా వచ్చాయి. జాంబియా స్వతంత్రమయ్యాక 1966లో ఊరికి మళ్ళీ కాబ్వే అనే స్థానిక పేరు వచ్చింది.

ఆ గుట్టల్లో ఒకదానిలో ఒక గుహ. లోపల జంతువుల ఎముకలు, రాతి పనిముట్లు, మట్టి, అన్నీ కలిసి మేట వేసుకుపోయాయి. ఎన్ని వేల ఏళ్ళుగా ఏయే జంతువులు అక్కడ చచ్చాయో, ఏవి తెచ్చిపడేశాయో. చుట్టూ రాయంతా జింకు. పైనుంచి దిగే నీళ్ళు జింకుతో నిండి ఎముకల్లోకి ఇంకాయి. ఎముకలోని కాల్షియం ఫాస్ఫేటు కరిగి ఫాస్ఫేటు బయటపడింది. హోపైట్‌కు కావలసిన రెండు షరతులూ అక్కడ తీరాయి. మేటలో, ఎముకల బోలు సందుల్లో మెరిసే స్ఫటికాలు పట్టాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఖనిజాల విభాగంలో పనిచేసే ఎల్. జె. స్పెన్సర్ 1908లో వీటిమీద పెద్ద వ్యాసం ప్రచురించాడు. హోపైట్‌తో పాటు అదే కూర్పుతో వేరే స్ఫటిక రూపం ఉన్న పారాహోపైట్‌నూ, ఇందాక చెప్పిన టార్బుటైట్‌నూ కొత్తగా వర్ణించింది ఆయనే. టార్బుటైట్ అన్న పేరు గని కంపెనీ డైరెక్టర్ పెర్సీ టార్బుట్‌ది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ఎడింబరో ప్రొఫెసర్ పేరు ఒక రాయికి, లండన్ డైరెక్టర్ పేరు ఇంకో రాయికి. శాస్త్రంలో అది మామూలే, తప్పుపట్టేదేమీ లేదు. కానీ ఆ గుహను గని కూలీలు తవ్వుకుంటూ పోయారు, ఆ ఎముకల మేట చాలావరకు ఖనిజంతో పాటు కొలిమి పాలైంది. జింకు ఉంది కాబట్టి ఎముక కూడా సరుకే. ఏయే జంతువులు, ఏ క్రమంలో, ఏ కాలంలో అక్కడ బతికాయో చెప్పగల ఆధారం అంతా అలా పోయింది.

అలా పోకుండా మిగిలినవాటిలో ఒకటి, 1921 జూన్ 17న బయటపడింది. టామ్ జ్విగ్లార్ అనే స్విస్ గని కార్మికుడికి, ఆయనతో పనిచేస్తున్న ఒక ఆఫ్రికన్ సహాయకుడికి గోడలోంచి ఒక పుర్రె కనిపించింది. మనిషిదే, కానీ మనలాంటి మనిషిది కాదు. కనుబొమల మీద ఎముక చూరులా ముందుకు పొడుచుకువచ్చి ఉంది. ఆ సహాయకుడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. పుర్రె లండన్ చేరింది. ఆర్థర్ స్మిత్ వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త అదే ఏడాది దాన్ని హోమో రొడీసియెన్సిస్ అని ప్రకటించాడు. ఇప్పుడు చాలామంది హోమో హైడెల్‌బర్గెన్సిస్ అనే జాతిలో చేరుస్తారు, ఆ వాదన ఇంకా తెగలేదు. ఆఫ్రికాలో దొరికిన ప్రాచీన మానవ అవశేషాల్లో ప్రపంచం దృష్టిని పట్టుకున్న మొదటిది ఇదే. ప్రసిద్ధమైన టాంగ్ శిశువు పుర్రె దొరికింది దీని తర్వాత, 1924లో. హోప్ పాఠాలు విన్న కుర్రవాడి ఊహకు తొలి ఆధారం, హోప్ పేరు పెట్టుకున్న రాయి పుట్టిన గుహలోనే దొరికింది! కాకతాళీయమే, కాదనను. అయినా ఖనిజశాస్త్రంలో నాకు ఇంతకంటే ఇష్టమైన కాకతాళీయం లేదు.

గుహను పూర్తిగా తవ్వేశారు కనుక ఆ పుర్రె వయసు ఎంతో చెప్పడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. చివరికి 2020లో రైనర్ గ్రూన్ అనే శాస్త్రవేత్త బృందం ఎముకనే నేరుగా పరీక్షించి సుమారు 2 లక్షల 99 వేల ఏళ్ళని తేల్చింది. అటూ ఇటూ 25 వేలు. అంతకుముందు చాలామంది 5 లక్షల ఏళ్ళ నాటిదని అనుకునేవారు. అంటే మన జాతి పూర్వీకులు ఆఫ్రికాలో రూపుదిద్దుకుంటున్న కాలానికే, ఈ వేరే రకం మనిషి కూడా అక్కడ తిరుగుతున్నాడన్నమాట.

ఆ మనిషికి పళ్ళు బాగా పుచ్చిపోయి ఉన్నాయి. పై వరుసలో చాలా వాటికి పిప్పి పట్టింది. ఆ బాధ ఎలా ఉంటుందో మనకు తెలుసు. చక్కెర లేని కాలంలో అంత పిప్పి ఎలా వచ్చిందా అని పరిశోధకులు ఇప్పటికీ తల బద్దలు కొట్టుకుంటున్నారు. ఇప్పుడు పన్నుకు క్యాపు వేసే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. చల్లటి గాజుపలక మీద ఒక తెల్లటి పొడి, రెండు మూడు చుక్కల ద్రవం వేసి కలుపుతారు. పొడిలో ఎక్కువ భాగం జింకు ఆక్సైడు, ద్రవం ఫాస్ఫారిక్ ఆమ్లం. గాజుపలక చల్లగా ఎందుకంటే, వేడెక్కితే చటుక్కున గట్టిపడిపోతుంది. ఇదే జింకు ఫాస్ఫేట్ సిమెంటు. 1870ల చివర నుంచీ దంతవైద్యంలో ఉంది. ఇప్పుడు కొత్త సిమెంట్లు వచ్చాయి గానీ దీని పని పూర్తిగా పోలేదు. గట్టిపడిన సిమెంటులో జింకు ఫాస్ఫేటు చాలావరకు స్ఫటికం కట్టకుండానే ఉంటుంది. తడి తగిలిన పైపొరలో మాత్రం హోపైట్ స్ఫటికాలు పుడతాయి. పళ్ళు పుచ్చిన ఆ మనిషి చుట్టూ, పళ్ళకు వేసే సిమెంటు సరుకే గోడలకు పట్టి ఉందన్నమాట!

ఇక బీరువా సంగతి. రంగు వేయబోయే ఇనప రేకును తిన్నగా రంగులో ముంచితే అది నిలవదు, పెచ్చులూడుతుంది, లోపల తుప్పు పాకుతుంది. అందుకే బీరువాలు, ఫర్నిచర్ చేసే షెడ్లలో రేకును ముందు వరుసగా తొట్లలో ముంచి తీస్తారు. సెవెన్ ట్యాంక్ అంటారు ఆ పనివాళ్ళు. జిడ్డు వదిలించడం, కడగడం, తుప్పు తీయడం, మళ్ళీ కడగడం, ఆ తర్వాతి తొట్టిలో ఫాస్ఫేటింగ్. ఆ తొట్టిలో ఉండేది జింకు, ఫాస్ఫారిక్ ఆమ్లం. రేకు పైకి వచ్చేసరికి బూడిదరంగు పొర పట్టి ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అది పొర కాదు, గుంపులు గుంపులుగా అల్లుకున్న స్ఫటికాలు. గాల్వనైజ్ చేసిన రేకు మీద హోపైట్, మామూలు ఉక్కు మీద ఇనుము కూడా కలిసిన దాని చుట్టం ఫాస్ఫోఫిల్లైట్. ఆ స్ఫటికాల సందుల్లో రంగు పట్టుకుని నిలబడుతుంది. కార్ల ఫ్యాక్టరీలలోనూ దశాబ్దాలుగా ఇదే పద్ధతి. ఇప్పుడిప్పుడే కొన్నిచోట్ల జిర్కోనియం పూతలు వస్తున్నాయి. ఇనుముకు ఫాస్ఫారిక్ ఆమ్లంతో పూత పెట్టే విద్యకు ఇంగ్లండులో థామస్ కాస్లెట్ పేటెంటు తీసుకున్నది 1906లో. స్పెన్సర్ కాబ్వే స్ఫటికాల మీద వ్యాసం రాయడానికి రెండేళ్ళ ముందు. భూమి వేల ఏళ్ళు పట్టి, ఎముకలు పోగేసి చేసే పనిని ఫ్యాక్టరీ తొట్టి కొద్ది నిమిషాల్లో చేసేస్తోంది. అరుదుతనం రాయికి ఉంది గానీ, ఆ పదార్థానికి లేదు.

ఇందాక పంక్తిలో ముందు కూర్చున్న సీసం గురించి చెప్పాను. కాబ్వే కథలో ఆఖరి భాగం దానిదే. ఆ గని 1994లో మూతపడింది. సీసం, జింకు, వనేడియం అక్కడినుంచి దశాబ్దాల పాటు బయటికి వెళ్ళాయి. వ్యర్థాల కుప్పలు మాత్రం ఊళ్ళోనే మిగిలాయి. కొలిమి పొగలోంచి దిగిన సీసం మట్టిలో ఇంకింది. ఎండాకాలం గాలి రేగితే ఆ దుమ్ము ఇళ్ళలోకి, వాకిళ్ళలో ఆడుకునే పిల్లల చేతులకు, నోళ్ళకు చేరుతుంది. గని చుట్టుపక్కల పేటల్లోని పిల్లల రక్తం పరీక్షించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పరీక్షించిన ప్రతి బిడ్డ రక్తంలోనూ సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటింది. అప్పటికి ఆందోళన చెందవలసిన హద్దుగా అమెరికా ఆరోగ్యశాఖ పెట్టుకున్నది ఆ 5. పిల్లల మెదడుకు హాని చేయనంత తక్కువ మోతాదు అంటూ సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బ్లాక్ మౌంటెన్ అని పిలిచే కుప్పలో ఇప్పటికీ బతుకుతెరువు కోసం చేతులతో సీసం తవ్వుకునేవాళ్ళు ఉన్నారు.

సీసానికి ఫాస్ఫేటు మీదున్న ఆశనే ఆయుధంగా వాడే వైద్యం ఒకటి ఉంది. కలుషితమైన మట్టిలో ఫాస్ఫేటు కలిపితే సీసం పైరోమార్ఫైట్‌గా బిగుసుకుపోయి, ఒంటికి పట్టే గుణం చాలావరకు తగ్గుతుంది. కొన్ని దేశాల్లో ఈ పద్ధతి ప్రయత్నించారు. దీంతో అంతా నయమైపోతుందని కాదు. మట్టి మార్చడం, వీధులకు తారు వేయడం, పచ్చిక పెంచడం, పిల్లలకు చికిత్స, ఇవన్నీ కావాలి. డబ్బూ కావాలి. నష్టపరిహారం కోసం కాబ్వే స్త్రీలూ పిల్లల తరఫున 2020లో దక్షిణాఫ్రికాలో ఒక పెద్ద గని కంపెనీ మీద దావా వేశారు. బాధ్యత మాది కాదని కంపెనీ వాదన. సామూహిక దావాగా నడపడానికి జోహానెస్‌బర్గ్ హైకోర్టు 2023 డిసెంబరులో అనుమతి నిరాకరించింది.

ఆ పుర్రె ఈనాటికీ లండన్‌లోని మ్యూజియంలోనే ఉంది. తిరిగి ఇవ్వమని జాంబియా ఏళ్ళ తరబడి అడుగుతోంది. కాబ్వే నుంచి బయటికి పోయినవాటిలో మళ్ళీ వెనక్కి రాగలది అదొక్కటే. కరిగిపోయిన ఎముకలు రావు, కరిగించిన జింకూ రాదు. నా మటుకు నాకు, పుర్రె లుసాకాకు వెళ్ళాలి, మట్టి శుభ్రం చేసే ఖర్చు ఆ ఖనిజం అమ్ముకుని లాభపడినవాళ్ళే భరించాలి. ఈ రెండింటిలో మొదటిది తేలిక. కనీసం దాన్నైనా ఆలస్యం చేయడానికి ఏ సాకూ లేదు.